పాత ఇన్నోవా కళ్లు మూసుకుని కొనొచ్చా?

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాస్టారిని. మాది తణుకు. ఇంట్లో పెద్దా చిన్నా కలిపి ఏడుగురం. నెలకు ఐదారు వందల కిలోమీటర్లకు మించి తిరగం. ఏడాదికి రెండుసార్లు తిరుమల, ఒకసారి శ్రీశైలం వెళ్తాం. 2014 మోడల్ టయోటా ఇన్నోవా, 2.5 డీజిల్, ఒకటి అమ్మకానికి వచ్చింది. 1,86,000 కిలోమీటర్లు తిరిగింది, రెండో ఓనరు, ఏడున్నర లక్షలు చెబుతున్నారు. డల్లాస్‌లో ఉండే మా అల్లుడు "టయోటా అయితే కళ్లు మూసుకుని కొనేయండి మామయ్యా, ఆ ఇంజిన్‌కు చావు లేదు" అంటున్నాడు. మా తమ్ముడి కొడుకేమో "ఆ పేరుకే డబ్బులు పెదనాన్నా, ఇప్పుడు టయోటా అమ్మేవాటిలో చాలా వరకు మారుతి బళ్లే" అంటున్నాడు. అసలు ఈ కంపెనీకి ఇంత పేరు ఎలా వచ్చింది? అందులో నిజమెంత? ఈ బండి తీసుకోమంటారా?

సమాధానం: మాస్టారూ, కళ్లు మూసుకుని మాత్రం కొనకండి. ఆ మాట నమ్మి చేతులు కాల్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అందులో మా ఇంటివాళ్లూ ఉన్నారు, ఆ సంగతి తర్వాత చెబుతాను. ఒక పూట కేటాయించి, బండినీ కాగితాలనీ సరిగ్గా చూసుకుంటే మీ అవసరానికి ఇన్నోవా మంచి బండే. మీ అల్లుడు గారి మాటలో నిజం ఉంది, మీ తమ్ముడి కొడుకు మాటలోనూ ఉంది. ఎవరిది ఎంతవరకు నిజమో తేలాలంటే మీరడిగిన మొదటి ప్రశ్న దగ్గర్నుంచే రావాలి.

టయోటా కథ మగ్గంతో మొదలైంది. జపాన్‌లో హమామత్సుకు దగ్గర్లో, ఇప్పుడు కొసాయి అని పిలిచే చోట, 1867లో ఒక వడ్రంగి ఇంట్లో సాకిచి టయోడా పుట్టాడు. ఊళ్లో ఆడవాళ్లు, వాళ్లమ్మతో సహా, చేమగ్గాల మీద నేసేవాళ్లు. తండ్రి దగ్గర నేర్చిన చెక్కపనితో ఆ మగ్గాన్ని తేలిక చేయాలని కూర్చున్నాడు. 1891లో మొదటి పేటెంట్ వచ్చింది. మన ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు, నేతకు ముందు నూలు సిద్ధం చేసే ఆసు పోసీ పోసీ చేతులు పడిపోతున్న తల్లిని చూడలేక ఆసు యంత్రం తయారుచేశారు కదా. సాకిచి గురించి చదివినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు.

ఆ రోజుల్లో మరమగ్గాలతో ఒక పెద్ద చిక్కు ఉండేది. పడుగులో, అంటే నిలువు పోగుల్లో, ఒక పోగు తెగినా మగ్గానికి తెలియదు, నేసుకుంటూ పోతుంది. ఎవరో ఒకరు చూసి ఆపేలోపు గజాల కొద్దీ బట్ట పాడైపోతుంది. అందుకని మగ్గాల పక్కన మనుషులు కళ్లార్పకుండా నిలబడాల్సి వచ్చేది. సాకిచి, ఆయన కొడుకు కీచిరో ఏళ్ల తరబడి దీని మీదే పనిచేసి 1924లో ఒక ఆటోమేటిక్ మగ్గం పూర్తిచేశారు. అడ్డపోగు వేసే నాడెలో నూలు అయిపోతే మగ్గం ఆగకుండానే కొత్త నాడె వచ్చి పడుతుంది. పోగు తెగితే మాత్రం మగ్గం దానంతటదే ఆగిపోతుంది. ఒక్క మనిషి పదుల మగ్గాలు చూసుకోవచ్చు. మరమగ్గాలు ప్రపంచానికి నేర్పిన ఇంగ్లండ్‌లోనే, ప్లాట్ బ్రదర్స్ అనే పేరున్న కంపెనీ 1929లో లక్ష పౌండ్లకు ఒప్పందం చేసుకుని ఆ మగ్గం హక్కులు తీసుకుంది.

తప్పు జరిగిన క్షణంలోనే ఆగడం. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. టయోటా మంచీ చెడూ రెండూ దీని చుట్టూనే తిరుగుతాయి.

కీచిరోకు కార్ల మీద మనసు. 1933లో మగ్గాల కంపెనీలోనే కార్ల విభాగం తెరిచాడు. 1935లో మొదటి ట్రక్కు, జి1, బయటకు వచ్చింది. మన్నికకు మారుపేరు అంటున్న ఈ కంపెనీ మొదటి బళ్లు ఎలా ఉండేవో తెలుసా? రోడ్డు మీద ఆగిపోయేవి. ఒకటి బాగుచేసేలోపు ఇంకొకటి. కొన్నవాళ్లు విసిగిపోయేవారు. ఆగిన చోటికి మనుషుల్ని పంపి, డబ్బు తీసుకోకుండా బాగుచేసి, ఏ భాగం విరిగిందో ఫ్యాక్టరీకి తెచ్చుకుని దాన్ని మార్చుకుంటూ పోయారు. 1936లో ఏఏ అనే మొదటి కారు అమ్మకానికి వచ్చింది. అదే ఏడాది కంపెనీ గుర్తు కోసం పోటీ పెడితే దాదాపు 27,000 డిజైన్లు వచ్చాయి. వాటిలోంచే టయోడా కాస్తా టయోటా అయింది. జపాన్ లిపిలో ఆ పేరు రాయడానికి ఎనిమిది గీతలు చాలు, ఎనిమిది వాళ్లకు కలిసొచ్చే అంకె. 1937 ఆగస్టులో కార్ల కంపెనీ విడిగా ఏర్పడింది.

యుద్ధం తర్వాత 1950లో కంపెనీ దివాలా అంచుకు వచ్చింది. సమ్మె జరిగింది, 1,600 మంది దాకా ఉద్యోగాలు వదిలి వెళ్లాల్సి వచ్చింది. మనుషుల్ని పంపేయనని మాటిచ్చిన కీచిరో బాధ్యత తీసుకుని తానూ రాజీనామా చేశాడు. ఆ వెంటనే కొరియా యుద్ధం మొదలై అమెరికా సైన్యం నుంచి ట్రక్కుల ఆర్డర్లు రావడంతో కంపెనీ ఊపిరి పీల్చుకుంది. కీచిరో మాత్రం 1952లో, 57 ఏళ్ల వయసులో పోయాడు. తను కలగన్న జపాన్ కారు, క్రౌన్, 1955లో వచ్చింది. చూడలేకపోయాడు. ఈ కథలో నాకు మనసు కలుక్కుమనేది ఇక్కడే.

ఆ క్రౌన్‌నే 1957లో అమెరికాకు పంపారు. జపాన్ గతుకుల రోడ్ల కోసం గట్టిగా కట్టిన బండి అది. కాలిఫోర్నియా హైవే ఎక్కేసరికి ఇంజిన్ వేడెక్కింది, వేగం అందుకోలేకపోయింది, వణికిపోయింది. 1958 మొత్తం మీద అమ్మినవి 287 క్రౌన్‌లు, ఒక ల్యాండ్ క్రూజర్. కొంతకాలానికి క్రౌన్‌ను అక్కడ అమ్మడం ఆపేసి, ఇంటికి వెళ్లి, అమెరికా రోడ్లకు తగ్గట్టు కొత్త బండి తయారుచేసుకుని, 1965లో కరోనా అనే కారుతో మళ్లీ వచ్చారు. ఆ మరుసటి ఏడాది జపాన్‌లో కరోలా పుట్టింది. ఇప్పటివరకు ప్రపంచవ్యాప్తంగా 5 కోట్లకు పైగా కరోలాలు అమ్ముడయ్యాయి. 287 కార్లతో మొదలైన ఆ అమెరికా శాఖ ప్రధాన కార్యాలయం 2017 నుంచి ఎక్కడుందో మీ అల్లుడు గారిని అడగండి. డల్లాస్ పక్కనే, ప్లేనోలో. ఆయన రోజూ ఆ బోర్డు ముందునుంచే ఆఫీసుకు వెళ్తూ ఉండొచ్చు.

ఫ్యాక్టరీ లోపల ఏం జరిగిందన్నది అసలు సంగతి. తాయీచి ఓనో అనే ఇంజినీరు మొదట టయోడా వాళ్ల నూలు మిల్లులో పనిచేసి, తర్వాత కార్ల ఫ్యాక్టరీకి వచ్చాడు. మగ్గం పోగు తెగితే ఆగినట్టు, కార్ల లైను కూడా తప్పు కనపడితే ఆగాలన్నాడు. పనివాళ్ల తల మీదుగా ఒక తాడు కట్టారు. బోల్టు సరిగ్గా బిగియలేదనో, తలుపు సందు తేడాగా ఉందనో అనిపిస్తే, నిన్న చేరిన కుర్రాడైనా ఆ తాడు లాగొచ్చు. లైట్ వెలుగుతుంది, పైవాడు పరిగెత్తుకొస్తాడు, ఇద్దరూ కలిసి చూస్తారు, అక్కడికక్కడ సరికాకపోతే లైను మొత్తం ఆగుతుంది. లైను ఆపినందుకు తిట్లుండవు. మిగతా చోట్ల తప్పుతోనే కారును ముందుకు తోసేసి చివర్లో సరిచేసుకునే రోజులవి. ఇంకో అలవాటు, ఏదైనా పాడైతే "ఎందుకు?" అని ఐదుసార్లు అడగడం. మొదటి జవాబు దగ్గర ఆగిపోతే పాడైన భాగం మాత్రమే మారుతుంది, పాడవడానికి కారణం అలాగే ఉండిపోతుంది.

ఇంజిన్‌కు చావు లేదన్న మాట ఇలా పుట్టింది. దాంట్లో ఇంకో పాయ కూడా ఉంది. టయోటా వాళ్లు కొత్తదాని కోసం ఎగబడరు. ఒక ఇంజిన్ బాగా నడిచిందంటే దాన్ని ఏళ్ల తరబడి, పది రకాల బళ్లలో, ఎడారుల్లో, కొండల్లో నడిపిస్తారు. మీరు చూస్తున్న ఇన్నోవానే తీసుకోండి. మన దగ్గర టయోటా కిర్లోస్కర్ 1997లో మొదలై, బెంగళూరు పక్కన బిడదిలో ఫ్యాక్టరీ పెట్టి, 2000లో క్వాలిస్ తెచ్చింది. అది అప్పటికే ఇండోనేసియాలో కిజాంగ్ పేరుతో నలిగిన బండి. దాని తర్వాతి తరమే ఇన్నోవా, మనకు 2005లో వచ్చింది. హైలక్స్ అనే పికప్ ట్రక్కుకు, ఫార్చ్యూనర్‌కు, ఇన్నోవాకు మూలం ఒకటే. కింద లారీలాగా విడి ఛాసిస్, దాని మీద బాడీ. ఇంజిన్ 2,494 సీసీ, దాంట్లోంచి తీసింది 102 హార్స్‌పవర్. ఆ సైజు ఇంజిన్ నుంచి ఇంతకన్నా చాలా ఎక్కువ పిండొచ్చు, పిండలేదు. నాలుగు బస్తాలు మోయగల ఎద్దు మీద రెండే వేసినట్టు. అందుకే ట్రావెల్స్ వాళ్ల దగ్గర మూడు, నాలుగు లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇన్నోవాలు ఇప్పటికీ అలిపిరి దగ్గర వరసగా కనిపిస్తాయి.

ఇంతవరకు మీ అల్లుడు గారి పక్షం. రెండో వైపు కూడా అంతే గట్టిగా చెప్పాలి.

2000 తర్వాత టయోటా ప్రపంచంలో మొదటి స్థానం కోసం పరుగు అందుకుంది. 2008లో జనరల్ మోటార్స్‌ను దాటింది. ఆ పరుగులోనే పోగు తెగింది. 2009, 2010లలో అమెరికాలో యాక్సిలరేటర్ పెడల్ ఫ్లోర్ మ్యాట్‌లో ఇరుక్కోవడం, పెడల్ తొక్కాక వెనక్కి సరిగ్గా రాకపోవడం వల్ల బళ్లు అదుపు తప్పాయని గొడవ లేచింది. మనుషులు చనిపోయారు. లక్షల బళ్లు వెనక్కి పిలిచారు. 2010 ఫిబ్రవరిలో సాకిచి మునిమనవడు, అప్పటి అధ్యక్షుడు అకియో టయోడా, అమెరికా కాంగ్రెస్ ముందు కూర్చుని క్షమాపణ చెప్పాడు. మేం మరీ వేగంగా పెరిగామేమో, దేనికి ముందు ప్రాధాన్యం ఇవ్వాలన్న మా వరస తారుమారైంది అన్న అర్థంలో మాట్లాడాడు. ఎలక్ట్రానిక్స్‌లో దోషం ఉందా అని నాసా ఇంజినీర్లతో కూడా పరీక్ష చేయించారు, అలాంటి కారణం దొరకలేదని 2011లో తేల్చారు. కానీ తెలిసిన సంగతులు జనానికి సరిగ్గా చెప్పలేదన్న కేసులో 2014లో కంపెనీ 120 కోట్ల డాలర్లు కట్టింది. ఆ దోషం కన్నా దాచడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తాడు లాగే కుర్రాడికి ఇచ్చిన స్వేచ్ఛ పైన ఉన్నవాళ్లు వాడుకోలేదు.

మొన్న మొన్నటి సంగతి ఇంకోటి. 2024 జనవరిలో, కొన్ని డీజిల్ ఇంజిన్లకు అనుమతి పరీక్షల్లో అవకతవకలు జరిగాయని బయటపడింది. పవర్ కొలిచేటప్పుడు అంకెలు ఒడిదుడుకులు లేకుండా రావడానికి, అమ్మే బళ్లలో ఉండేది కాకుండా వేరే సాఫ్ట్‌వేర్‌తో పరీక్ష చేశారు. మన దేశంలో కూడా ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్, హైలక్స్ డెలివరీలకు పంపడం కొద్దిరోజులు ఆపి, మళ్లీ మొదలుపెట్టారు. అమ్మిన బళ్లు ప్రమాణాలకు తగ్గట్టే ఉన్నాయని, వాడటం ఆపక్కర్లేదని కంపెనీ చెప్పింది. ఆ ఇంజిన్లు చేసింది టయోటా ఇండస్ట్రీస్. అంటే ఎవరో కాదు, పోగు తెగితే ఆగే మగ్గం అమ్మడానికి 1926లో పెట్టిన కంపెనీయే. మీ 2014 బండిలో ఉన్నది ఆ ఇంజిన్ కాదు, దాని ముందు తరానిది, కాబట్టి ఆ టెన్షన్ మీకక్కర్లేదు. గుర్తు చూసి కళ్లు మూసుకోవద్దని చెప్పడానికే ఇదంతా చెప్పాను.

మీ తమ్ముడి కొడుకు మాటకొస్తే, అబ్బాయి సరిగ్గానే పట్టుకున్నాడు. టయోటా గ్లాంజా అంటే మారుతి బలెనో, రుమియన్ అంటే ఎర్టిగా, టైసర్ అంటే ఫ్రాంక్స్. రెండు కంపెనీల మధ్య ఒప్పందం ప్రకారం మారుతి వెనకున్న సుజుకి చేసిస్తుంది, టయోటా తన గుర్తుతో, తన వారంటీతో అమ్ముతుంది. ఎదురు దారిలో కూడా వెళ్తాయి, మారుతి ఇన్విక్టో అన్నది బిడదిలో తయారయ్యే ఇన్నోవా హైక్రాసే. ఇందులో మోసమేమీ లేదు. అయితే గ్లాంజా కొనేవాళ్లు పాత ఇన్నోవా పేరు చూసి కాక, బలెనో ఎలా నడుస్తోందో చూసి కొనాలి. ఇంకో ముచ్చట, హమామత్సులో 1909లో మొదలైన సుజుకి కూడా ముందు మగ్గాల కంపెనీయే. సాకిచి పుట్టిన ఊరికీ దానికీ ఎంతో దూరం లేదు. నేతగాళ్ల సీమ నుంచి వచ్చిన రెండు కంపెనీలు మన రోడ్లను ఇలా పంచుకున్నాయి.

అల్లుడు గారి అనుభవం గురించి ఒక్క మాట. అమెరికాలో ఆయన క్యామ్రీయో కరోలాయో రెండు లక్షల మైళ్లు తిరిగి ఉండొచ్చు. అది హైవే మీద, ఒకే వేగంలో, వేళకు ఆయిల్ మారుస్తూ తిరిగిన తిరుగుడు. మన దగ్గర రెండో ఓనరు చేతిలో ఉన్న డీజిల్ బండి జీవితం వేరు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. 2017లో మా బావగారు ఒక ఇన్నోవా కొన్నారు. మీటరు మీద 94,000 కిలోమీటర్లు. ఇల్లంతా సంబరపడ్డాం. మూడు నెలల తర్వాత ఘాట్ రోడ్డులో నల్లటి పొగ కక్కి, ఇంజిన్‌లో సత్తువ పోయి నిలబడిపోయింది. షెడ్డుకు లాక్కొచ్చారు. ఇంజిన్‌లోకి గాలిని గట్టిగా తోసే టర్బో పోయిందన్నాడు మెకానిక్. ఎందుకు పోయింది? ఆయిల్ అందక. ఎందుకు అందలేదు? ఆయిల్ గడ్డకట్టిన పెరుగులా అయిపోయి, సన్నటి పైపు పూడుకుపోయింది. ఎందుకలా అయింది? చాలాకాలంగా మార్చలేదు. ఎందుకు మార్చలేదు? పాత ఓనరు బండి అమ్మేద్దామనుకుని సర్వీసు మానేశాడు. మాకెందుకు తెలియలేదు? మేం సర్వీసు రికార్డు అడగలేదు. తర్వాత ఛాసిస్ నంబరుతో రికార్డు తీయిస్తే, మేం కొనడానికి ఏడాదిన్నర ముందే ఆ బండి 2,30,000 తిరిగినట్టు ఉంది. మీటరు వెనక్కి తిప్పి అమ్మిన బ్రోకరు తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఇంజిన్ తప్పేమీ లేదు, సరిగ్గా చూసుకున్నన్ని రోజులు అది బాగానే నడిచింది.

ఆ రోజు ఆ మెకానిక్ చూపించినవే నేను ఇప్పటికీ చూస్తాను. మీరు కూడా బండిని పొద్దున ఆరింటికి, చెప్పకుండా, చూడటానికి వెళ్లండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, మీరు రాకముందే ఒకసారి స్టార్ట్ చేసి ఉంచారని అర్థం. ఇంకోరోజు వెళ్లండి. చల్లటి ఇంజిన్ మీద తాళం తిప్పినప్పుడే దాని అసలు గొంతు వినపడుతుంది. మొదటి అరనిమిషం కాస్త గరగర ఉన్నా ఫర్వాలేదు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ ఆగకుండా వస్తే, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల వల్లనో టర్బో వల్లనో చూసుకోవాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి ఆ కన్నం మీద ఊరికే పెట్టమనండి. మూత చిన్నగా వణికితే మంచిదే. ఆవిరి కొట్టి మూతను ఎగరగొడుతుంటే, లోపల పిస్టన్ రింగులు అరిగిపోయి గాలి కిందికి తన్నుతోందన్నమాట. అక్కడితో నమస్కారం పెట్టి వచ్చేయండి.

మీటరు నిజమా అబద్ధమా అన్నది బండే చెబుతుంది. క్లచ్ పెడల్ రబ్బరు మీద గీతలు చూడండి. లక్షా ఎనభై వేలు తిరిగిన బండిలో అవి సగం అరిగి ఉండాలి. పూర్తిగా నున్నగా ఉన్నా అనుమానించాలి, కొత్తగా మెరుస్తున్నా అనుమానించాలి. స్టీరింగ్ మీద చెయ్యి పడే చోటు, డ్రైవరు సీటు అంచు కూడా అంతే. ఈ బండి ఎప్పుడైనా ట్రావెల్స్‌లో తిరిగి, పసుపు ప్లేటు తెల్ల ప్లేటయిందా అన్నది ఆర్‌సీ వివరాల్లో తేలుతుంది. ట్రావెల్స్‌లో తిరిగితే తప్పేం కాదు, ఆ మాట ధరలో కనపడాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది టైమింగ్ బెల్టు, అంటే ఇంజిన్ వాల్వులు వేళకు తెరుచుకుని మూసుకునేలా తిప్పే బెల్టు. ఈ ఇంజిన్‌లో ఉండేది చైన్ కాదు, రబ్బరు బెల్టు. లక్షన్నర కిలోమీటర్లు దాటకుండా మార్చాలి. ఆ వేళ వచ్చినప్పుడు మీటరు దగ్గర ఒక లైట్ వెలుగుతుంది. లైట్ వెలగడం లేదు కదా అని అమ్మేవాళ్లు చూపిస్తారు. బెల్టు మార్చకుండానే ఆ లైట్‌ను ఆర్పేయవచ్చు, కాబట్టి అది రుజువు కాదు. మీరు చూస్తున్న బండి 1,86,000 తిరిగింది. అంటే ఈపాటికి ఒకసారి మార్చి ఉండాలి, దాని బిల్లు ఉండాలి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్కేసుకోండి. నడుస్తుండగా ఆ బెల్టు తెగితే వాల్వులు పోయి పిస్టన్లకు తగులుతాయి. హెడ్డు విప్పాల్సిందే, చావు లేదన్న ఇంజిన్ ఒక్క క్షణంలో మూలపడుతుంది. బెల్టు మార్చడానికయ్యే ఖర్చు దానితో పోలిస్తే చాలా చిన్నది.

మనవైపు వాళ్లం ఇంకొకటి చూసుకోవాలి, నీళ్లలో మునిగిందా అని. 2015 చెన్నై వరదలు, 2020 హైదరాబాద్ వరదలు, 2024 సెప్టెంబర్‌లో విజయవాడ బుడమేరు, వీటిలో మునిగిన బళ్లు తుడిచి, సెంటు కొట్టి అమ్మకానికి వచ్చాయి. కార్పెట్ అంచు పైకి లాగి చూడండి. సీటు పట్టాల మూలల్లో ఎండిన ఒండ్రు, సీటు బెల్టు పూర్తిగా బయటకు లాగితే చివర్లో బురద చార కనిపిస్తాయి. సీటు పైభాగం ఎవరైనా కడుగుతారు, బెల్టు చివరిదాకా ఎవరూ కడగరు.

టెస్ట్ డ్రైవ్‌కు మీ ఏడుగురినీ కాకపోయినా ఐదుగురినైనా ఎక్కించుకుని వెళ్లండి. స్పీడ్ బ్రేకర్ల మీద ముందువైపు టక్ టక్ మంటే లోయర్ ఆర్మ్ బుష్‌లు (ముందు చక్రాల దగ్గరి రబ్బరు ముక్కలు) అరిగినట్టు, అది బేరమాడే విషయమే తప్ప వదిలేసే విషయం కాదు. ఛాసిస్ మీద వెల్డింగ్ అతుకులుంటే మాత్రం పెద్ద యాక్సిడెంట్ అయినట్టే, వద్దు. ఎయిర్‌బ్యాగులు ఉన్న వేరియంట్ అవునో కాదో అడిగి తెలుసుకోండి. ఇంజిన్ మన్నిక వేరు, మనుషుల భద్రత వేరు. మనవళ్లు వెనక వరసలో కూర్చుంటారు కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను, పదేళ్ల కిందటి బండికి ఇప్పటి కొత్త బండిలో ఉండే భద్రత ఉండదు.

ఇక లెక్క, అది మీకే బాగా వచ్చు. మీ వాడకం ఏడాదికి పది వేల కిలోమీటర్లు దాటదు. బండి ఆరోగ్యంగా ఉంటే ఇంజిన్ మీ అవసరం కన్నా ఎక్కువే బతుకుతుంది. ముందు అయిపోయేది ఆర్‌సీ. 2014 బండికి పదిహేనేళ్లు 2029తో పూర్తవుతాయి. ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి, గ్రీన్ టాక్స్ కట్టి, ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. వేరే రాష్ట్రం బండి అయితే, ముఖ్యంగా ఢిల్లీ నుంచి వచ్చింది అయితే, అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బళ్ల మీద ఆంక్షలు పెట్టడంతో చౌకగా ఇక్కడికి తెస్తుంటారు. అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఉందా, ఇక్కడ లైఫ్ టాక్స్ ఎవరు కట్టాలి, ఇవి తేలకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఫైనాన్స్ క్లియరయిందా, చలానాలు ఎన్ని ఉన్నాయి అన్నవి ఫోన్‌లోనే చూసుకోవచ్చు.

నా మాట అడిగారు కాబట్టి చెబుతున్నాను. సర్వీసు రికార్డు తెగకుండా ఉండి, బెల్టు బిల్లు ఉండి, పైన చెప్పిన పరీక్షలు దాటితే తీసుకోండి. ఏడున్నర దగ్గర ఆగకండి. టైర్ల పక్కన ఉండే నాలుగంకెల తేదీ చూసి, పాతబడి ఉంటే ఆ ఖర్చు, బుష్‌ల ఖర్చు, క్లచ్ బరువుగా ఉంటే ఆ ఖర్చు తీసేసి మాట్లాడండి. కొన్నాక ఒక లక్ష పక్కన పెట్టుకోండి. వచ్చిన వారంలోనే ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్ అన్నీ మార్చేయండి. రికార్డు మధ్యలో రెండేళ్ల ఖాళీ కనిపించినా, బెల్టు గురించి "మార్చాం సార్, బిల్లు ఎక్కడో పోయింది" అన్నా, ఎంత తగ్గించినా వద్దు. ఇన్నోవాలు బజార్లో చాలా ఉన్నాయి, ఇంకో నెల ఆగితే ఇంకోటి వస్తుంది. డీజిల్ పాత బండితో ఈ తిప్పలు మనకెందుకు అనిపిస్తే, కొత్త రుమియన్ లేదా ఎర్టిగా చూడండి. రెండూ ఒకటే కాబట్టి మీ ఊరికి ఏ సర్వీసు సెంటర్ దగ్గరైతే అది. ఏడుగురికి ఇన్నోవా అంత విశాలంగా ఉండదు, కానీ వారంటీ ఉంటుంది, మనశ్శాంతి ఉంటుంది.

ఈ ఆదివారం బండి చూడటానికి వెళ్లేముందు ఛాసిస్ నంబరు అడిగి తెప్పించుకుని, దగ్గర్లోని టయోటా సర్వీసు సెంటర్‌లో రికార్డు తీయించండి. ఓనరు ఒప్పుకుంటే ఇస్తారు, ఒప్పుకోకపోతే అదే మీకు జవాబు. బెల్టు బిల్లు దొరికితే దాని మీద తేదీ, అప్పటి కిలోమీటర్లు కనపడేలా ఫొటో తీసి నాకు పంపండి. చూసి మిగతాది చెబుతాను.